జేబులో పదకొండు స్క్రూడ్రైవర్లు: అమెరికాలో కరెంటు పనికి వచ్చినవారికి కొన్ని మాటలు



ఈ పూట నాకు అప్పజెప్పిన విషయం చిన్నది. ఒక స్క్రూడ్రైవర్ గురించి మాట్లాడమన్నారు. వీసా, జీతం, పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉండాలి వంటి పెద్ద విషయాలు ఉండగా దీనికి ఒక ప్రసంగం దేనికని మీకు అనిపించవచ్చు. నాకూ మొదట అలాగే అనిపించింది. కానీ మన ఊళ్ళ నుంచి కాంట్రాక్టు మీద ఎలక్ట్రికల్ పనికి వచ్చినవారు మొదటి వారంలోనే నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. "అన్నా, ఇక్కడ అందరి జేబులోనూ ఒకే స్క్రూడ్రైవర్ ఉంది, దాంట్లోనే అన్నీ ఉన్నాయి. మమ్మల్నీ కొనమంటున్నారు. కొనాలా?"

ఈ ఒక్క ప్రశ్నలో మూడు ప్రశ్నలు ఉన్నాయి. అది పనికి మంచిదేనా, దానితో ప్రాణానికి ప్రమాదం ఉందా, దాని డబ్బు ఎవరు పెట్టుకోవాలి. మొదటిది తొందరగా చెప్పేస్తాను. మిగతా రెండూ కాస్త నిదానంగా వినండి.

ఆ వస్తువు ఏమిటో ముందు చూద్దాం. మన దగ్గర ఎలక్ట్రీషియన్ సంచిలో నాలుగైదు స్క్రూడ్రైవర్లు, ఒక టెస్టర్, ఒక కటింగ్ ప్లేయర్ ఉంటాయి. ఇక్కడ ఒకే పిడి, ఒకే కడ్డీ. కడ్డీకి రెండు వైపులా బిట్లు ఉంటాయి. బిట్టును ఊడలాగి తిప్పి పెడితే ఇంకో రకం మొన వస్తుంది. బిట్లన్నీ తీసేస్తే ఆ ఖాళీ గొట్టాలే నట్టు తిప్పే సాకెట్లుగా పనిచేస్తాయి. పదకొండు పనులు చేసే రకం ఇక్కడ అన్నిటికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. 1857లో షికాగోలో మొదలైన క్లైన్ కంపెనీ చేసే పదకొండు రకాల స్క్రూడ్రైవర్‌లో ఫిలిప్స్ మొనలు రెండు, చదును మొనలు రెండు, చదరపు మొనలు రెండు, టార్క్స్ మొనలు రెండు, నట్టు సాకెట్లు మూడు ఉంటాయి. మిగతా కంపెనీలవీ కొద్ది తేడాతో ఇలాంటివే.

పేర్ల దగ్గర ఒక జాగ్రత్త. మనం "స్టార్ స్క్రూడ్రైవర్" అనేదాన్ని ఇక్కడ ఫిలిప్స్ అంటారు. ఇక్కడ "స్టార్" అని అడిగితే ఆరు కోణాల టార్క్స్ చేతికిస్తారు. నిచ్చెన మీద ఉండి కిందివాణ్ణి స్టార్ అందించమన్నారనుకోండి, వాడు టార్క్స్ ఇస్తాడు, ఇద్దరికీ చిరాకు. మనం ఎర్త్ అన్నది ఇక్కడ గ్రౌండ్, మనం ఫేజ్ అన్నది ఇక్కడ హాట్. ఇక కొలతలన్నీ అంగుళాల్లోనే. ఇంటి నుంచి తెచ్చుకున్న మిల్లీమీటరు సాకెట్లు చాలావరకు ఇక్కడి నట్లకు సరిగా కూర్చోవు.

పని సౌకర్యం మాత్రం ఒప్పుకోవాలి. ఇక్కడ ఒక్క ప్లగ్ పాయింటు బిగించడానికే మూడు నాలుగు రకాల మరలు తగులుతాయి. పైన వేసే పలక మరకు చదును మొన కావాలి. పాయింటును డబ్బాకు పట్టించే మరకు ఫిలిప్స్ కావాలి. వైర్లు బిగించే మరలు చాలావాటికి చదరపు మొన అయితే జారకుండా పట్టుకుంటుంది. ఆకుపచ్చ గ్రౌండ్ మర తల షట్కోణంగా ఉంటే 5/16 అంగుళం సాకెట్ కావాలి. వీటన్నిటికీ పదిసార్లు నిచ్చెన దిగి ఎక్కనవసరం లేదు. సంచి బరువు తగ్గుతుంది. ఫిలిప్స్ 2వ నంబరు మొన అన్నిటికన్నా ముందు అరుగుతుంది. అరిగిపోతే మొత్తం స్క్రూడ్రైవర్ పారేయకుండా బిట్టు ఒక్కటి మార్చుకుంటే చాలు. గోడల్లోకి ఇంకా కరెంటు రాని కొత్త కట్టడాల్లో రోజంతా దానితోనే పని నడిచిపోతుంది. నేనూ అలాగే చేస్తాను.

నష్టాల్లో చిన్నవి కొన్ని ఉన్నాయి. కడ్డీ లావు కాబట్టి లోతుగా ఉన్న మరల దగ్గరికి వెళ్ళదు. ఒక్క బిట్టు పోగొట్టుకున్నామంటే ఆ పూటకు పని ఆగిపోతుంది. అయస్కాంతం ఉన్న రకమైతే ఇనుప రజను దానికి అంటుకుంటుంది, ఆ రజనును మీరే మోసుకెళ్ళి ప్యానెల్‌లో రాలుస్తారు. వీటితో ఎలాగో సర్దుకుపోవచ్చు. సర్దుకుపోలేనిది ఇంకొకటి ఉంది.

దాని పిడి మీద ఉన్న ప్లాస్టిక్, రబ్బరు చేతికి మెత్తగా ఉండడానికి పెట్టినవే. షాక్ నుంచి కాపాడతాయని కంపెనీ మాట ఇవ్వలేదు. మొన నుంచి పిడి దాకా కడ్డీ అంతా ఉత్త లోహం, మీద ఏ తొడుగూ లేదు. వేలు కొంచెం ముందుకు జారితే లోహం మీదే పడుతుంది. కడ్డీ పక్కన ఉన్న ఇంకో టెర్మినల్‌కు తగిలితే రెంటినీ కలిపేస్తుంది. పైగా బిట్లు లోపల ఒక చిన్న స్ప్రింగు గోళీ పట్టు మీదే నిలబడి ఉంటాయి. మర బిర్రుగా పట్టుకుంటే బిట్టు మరలోనే ఉండిపోయి కడ్డీ ఒక్కటే చేతికి వస్తుంది.

నాకు ఇది ఎలా తెలిసిందో చెప్తాను. నేను వచ్చిన మొదటి ఏడాది, ఒక దుకాణాల సముదాయంలో పని. ప్యానెల్ మూత తీసి ఉంది. ఒక బ్రేకర్ మర వదులైంది, బిగించమన్నాడు ఫోర్‌మన్. మెయిన్ ఆపమంటారా అని అడిగాను. దుకాణాలు నడుస్తున్నాయి, ఆపితే గొడవ, అలాగే కానిచ్చెయ్ అన్నాడు. కొత్తవాణ్ణి, కాదంటే వెనక్కి పంపేస్తారని భయం. బిగించాను. స్క్రూడ్రైవర్ వెనక్కి లాగేసరికి బిట్టు మరలో ఇరుక్కుని ఒక క్షణం వేలాడి కింద బస్‌బార్ల మధ్య పడింది. చప్పుడు వినబడింది గానీ నాకేమీ కనబడలేదు, కళ్ళ ముందంతా తెల్లగా అయిపోయింది. కుడి చెయ్యి కాలింది, కనుబొమలు మాడాయి. అంతటితో పోయింది కాబట్టి ఇవాళ మీ ముందు నిలబడి మాట్లాడుతున్నాను. అలాంటి మెరుపులో వేడి 35,000 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా పోవచ్చు. ఒంటి మీది చొక్కా ఎంతసేపు నిలుస్తుందో మీరే ఊహించుకోండి. రెండు వారాల తర్వాత జీతం చీటీలో పాడైపోయిన స్క్రూడ్రైవర్ ఖరీదు కోసేశారు. ఆ కోత సంగతికి మళ్ళీ వస్తాను.

కాబట్టి నా మాట ఇది. బిట్లు మార్చే మామూలు స్క్రూడ్రైవర్ కరెంటు తీసేసిన చోట పనికి వస్తుంది. కరెంటు ఉన్న ప్యానెల్ లోపలికి దాన్ని పోనివ్వకండి.

"ఇక్కడిది 110 కరెంటే కదా, మన 230 తట్టుకున్నవాళ్ళం, ఇదేం చేస్తుంది" అని మనవాళ్ళు అనడం చాలాసార్లు విన్నాను. ఇళ్ళల్లో ఇక్కడ 120 వోల్టులు, పొయ్యి, ఏసీ వంటివాటికి 240. పెద్ద కట్టడాల్లో లైట్లకు 277, మోటార్లకు 480 ఉండడం మామూలే. సరే, 120 మాటే చూద్దాం. మనిషిని చంపేది ఒంట్లోంచి పోయే కరెంటు. 20 మిల్లీ ఆంపియర్లు పోతే చాలామందికి చెయ్యి బిగుసుకుపోయి పట్టుకున్నది వదలదు. 50 నుంచి 150 మిల్లీ ఆంపియర్ల మధ్య ప్రాణమే పోవచ్చు. ఎండలో చెమటపట్టిన ఒళ్ళు అడ్డుకునే శక్తి వెయ్యి ఓముల దాకా పడిపోతుంది. 120ని వెయ్యితో భాగించండి, 120 మిల్లీ ఆంపియర్లు. లెక్క మీ ముందే ఉంది.

రంగుల విషయం ఇంతకన్నా ముఖ్యం. మన దేశంలో ఎరుపు, పసుపు, నీలం ఫేజులు, నలుపు న్యూట్రల్. ఏళ్ళ తరబడి నల్ల వైరును ధైర్యంగా ముట్టుకున్న చేతులు మనవి. ఇక్కడ నలుపే హాట్, అంటే ఫేజ్. తెలుపు న్యూట్రల్. ఆకుపచ్చ లేదా తొడుగు లేని రాగి తీగ గ్రౌండ్. తెలుపును కూడా నమ్మి ముట్టుకోకండి. కొన్నిచోట్ల తెల్ల వైరునే నల్ల టేపు చుట్టి ఫేజ్‌గా వాడతారు, ఆ టేపు ఊడిపోయి ఉండొచ్చు. పాయింటు మీద మరల రంగు కూడా గుర్తుపెట్టుకోండి. ఇత్తడి రంగు మర ఫేజ్‌కు, వెండి రంగుది న్యూట్రల్‌కు, ఆకుపచ్చది గ్రౌండ్‌కు. స్విచ్ కూడా మన దగ్గరిలా కిందికి నొక్కితే వెలగదు, పైకి ఎత్తితే ఆన్. దుబాయ్‌లో పనిచేసి వచ్చినవారు ఈ అలవాట్లు మార్చుకోవడానికి మొదటి నెలంతా తమను తాము కనిపెట్టుకుని ఉండాలి. చెయ్యి పాత దారిలోనే పోతుంది.

ఇక మన టెస్టర్. నియాన్ బల్బు టెస్టర్ లేకుండా మనం అడుగు బయటపెట్టం. ఇక్కడ దాన్ని నమ్ముకోవద్దు. అది వెలగడానికి చిన్న కరెంటు మీ ఒంట్లోంచే పోవాలి. మందపాటి బూట్లు వేసుకుని ఫైబర్ నిచ్చెన మీద నిలబడితే, అందులోనూ 120 వోల్టులకు, వెలుగు మసకగా వస్తుంది. ఎండలో అసలు కనబడదు. వెలగలేదు కాబట్టి కరెంటు లేదనుకోవడం ప్రాణాంతకం. రెండు తీగలున్న మీటరు లేదా టెస్టర్ అడగండి. దానితో ముందు కరెంటు ఉందని తెలిసిన చోట చూడండి, మీటరు పనిచేస్తోందని తేలుతుంది. తర్వాత మీరు పనిచేయబోయే చోట చూడండి. మళ్ళీ కరెంటు ఉన్న చోటే ఇంకోసారి చూడండి, మీటరు మధ్యలో చెడిపోలేదని రూఢి అవుతుంది. ఈ మూడూ చేశాకే స్క్రూడ్రైవర్ చేతికి తీసుకోండి.

కరెంటు ఆపడం అంటే బ్రేకర్ కిందికి దించి వచ్చేయడం కాదు. మీరు లోపల పనిచేస్తుండగా ఇంకొకడు వచ్చి ఎత్తేస్తాడు. బ్రేకర్‌కు తాళం వెయ్యాలి, మీ పేరుతో చీటీ కట్టాలి, తాళంచెవి మీ జేబులోనే ఉండాలి. తాళాలు, చీటీలు, వాటిని తగిలించే క్లిప్పులు కంపెనీ ఇవ్వాలి. ఇంకొక్క సంగతి చాలామందికి తెలియదు. ప్యానెల్‌లో మెయిన్ బ్రేకర్ ఆపినా, బయటి నుంచి మెయిన్‌కు వచ్చే తీగల్లో, అవి బిగించి ఉన్న చోట, కరెంటు అలాగే ఉంటుంది. దాన్ని బయటే ఆపించాలి. మెయిన్ ఆపాం కదా అని మొత్తం డబ్బాలో చెయ్యి పెట్టవద్దు. చాలా రాష్ట్రాల్లో ప్యానెల్ పని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ పర్యవేక్షణలోనే జరగాలి. ఆయన ఎవరో మీకు తెలిసి ఉండాలి.

చట్టం కూడా ఇదే చెప్తుంది. పనివారి భద్రతను చూసే ప్రభుత్వ విభాగం ఓషా, 1970 నాటి చట్టంతో ఏర్పడింది. దాని నిబంధనల ప్రకారం 50 వోల్టులు, అంతకన్నా ఎక్కువ ఉన్న చోట పని మొదలుపెట్టే ముందు కరెంటు ఆపాలి. ఆపితే ఇంకా పెద్ద ప్రమాదం వస్తుందన్నప్పుడు, లేదా ఆపి చేయడం సాధ్యమే కాదన్నప్పుడు మాత్రమే మినహాయింపు. దుకాణాలకు ఇబ్బంది అన్నది ఆ మినహాయింపులోకి రాదు. మినహాయింపు ఉన్న చోట కూడా శిక్షణ పొందినవారే, తగిన చేతి తొడుగులు, ముఖానికి కవచం, ఇన్సులేషన్ ఉన్న పనిముట్లతో చెయ్యాలి.

ఇన్సులేషన్ ఉన్న పనిముట్టును ఎలా గుర్తుపట్టాలంటే, దాని మీద రెండు త్రికోణాల గుర్తు, 1000 వి అనే ముద్ర ఉంటాయి. కడ్డీ కూడా మొన దాకా తొడుగుతో కప్పి ఉంటుంది. బిట్లు మార్చే రకంలో కూడా ఇలాంటివి ఉన్నాయి. అందులో ప్రతి బిట్టు పొడవాటి కడ్డీగా, తన తొడుగుతో సహా వస్తుంది. కొనేవారు ఆ ముద్ర చూసి కొనాలి. పిడి మీద ఎర్ర, పసుపు రంగులు చూసి మోసపోవద్దు. ముద్ర ఉన్నా, తొడుగు మీద గాటు పడితే ఆ పనిముట్టును పక్కన పెట్టేయాలి. టేపు చుట్టి వాడకూడదు.

బ్రేకర్ల మరలు బిగించేటప్పుడు ఇంకో చిన్న విషయం. ఎంత బిగువుతో బిగించాలో వాటి మీదే అంగుళం-పౌండ్లలో రాసి ఉంటుంది. అమెరికా విద్యుత్ కోడ్ 2017 సంచిక నుంచి అలా రాసి ఉన్నచోట ఆ లెక్కకు తగ్గట్టే బిగించమంటోంది. దానికి బిగువు కొలిచే స్క్రూడ్రైవర్ వేరే ఉంది, కంపెనీ దగ్గర అడగండి. చేతి అంచనాతో వదులుగా ఉండిపోయిన మర వేడెక్కి, కొన్నాళ్ళకు గోడలో నిప్పు పెడుతుంది.

"ఇవన్నీ సరే అన్నా, ఫోర్‌మన్ కరెంటు ఉండగానే చెయ్యమంటే?" అని అడుగుతారు. అలిగి వెళ్ళిపోవద్దు, గొడవ పెట్టుకోవద్దు. ఆపి చేస్తాను, తాళం ఇవ్వండి అని మర్యాదగా, నలుగురు వింటుండగా చెప్పండి. వినకపోతే, ప్రాణాపాయం ఉందని మీరు నిజంగా నమ్ముతుంటే, ఓషాను పిలిపించే వ్యవధి కూడా లేకపోతే, ఆ పని ఒక్కటీ చెయ్యనని చెప్పే హక్కు చట్టంలో ఉంది. వేరే పని ఇవ్వమని అడగండి. వెళ్ళిపొమ్మని వాళ్ళే చెప్పేవరకు పనిచోటనే ఉండండి. ఏ రోజు, ఏ చోట, ఎవరు ఏమన్నారో ఆ రాత్రే తెలుగులో రాసిపెట్టుకోండి. ఇందుకు కక్షగట్టి పనిలోంచి తీసేస్తే, 30 రోజుల్లోపు ఓషాకు ఫిర్యాదు చెయ్యాలి. ఈ గడువు చాలా తక్కువ, దాటనివ్వకండి. మీ వీసా ఏదైనా ఈ హక్కులు మీకూ ఉన్నాయి.

ఇప్పుడు మూడో ప్రశ్న, డబ్బు సంగతి. పదకొండు రకాల స్క్రూడ్రైవర్ ఒక్కటైతే ఇరవై డాలర్ల లోపు వచ్చేస్తుంది. కానీ ఇన్సులేషన్ సెట్టు, మీటరు, ప్లేయర్లు, సంచి అన్నీ కలిపితే వందల్లోకి పోతుంది. ఇంటి దగ్గర అప్పుచేసి వచ్చినవాడికి అది ఒక నెల వడ్డీ. మీది హెచ్-2బి వీసా అయితే జవాబు సూటిగా ఉంది. 2015 నుంచి అమలులో ఉన్న నిబంధన, 20 సి.ఎఫ్.ఆర్. 655.20 ప్రకారం, అప్పజెప్పిన పనికి కావలసిన పనిముట్లు, సామాను అన్నీ యజమానే ఉచితంగా ఇవ్వాలి. డిపాజిట్ కూడా అడగకూడదు. ఆ నంబరు ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి.

వేరే వీసా మీద ఉన్నవారికి లెక్క వేరు. ఇక్కడ చాలాచోట్ల ఎలక్ట్రీషియన్లు చేతి పనిముట్లు తామే తెచ్చుకోవడం ఆనవాయితీ. అది తప్పు కాదు. అయితే యజమాని పని కోసం కొనిపించిన పనిముట్ల ఖర్చు వల్ల మీ చేతికి వచ్చేది కనీస వేతనం కన్నా తగ్గకూడదు. ఫెడరల్ కనీస వేతనం 2009 నుంచి గంటకు 7.25 డాలర్లు. చాలా రాష్ట్రాల్లో ఇంకా ఎక్కువే. మీకు గంటకు 8 డాలర్లనుకోండి. 40 గంటలకు 320. కనీస వేతనం ప్రకారం 290 తగ్గకూడదు. అంటే ఆ వారం 30 డాలర్ల కన్నా కోయడానికి వీల్లేదు. 80 డాలర్ల పనిముట్లు ఒకేసారి కోసి 240 చేతిలో పెడితే, 50 డాలర్లు మీకు బాకీ పడ్డట్టే. పనిలో విరిగిపోయిన, పాడైన వస్తువుల కోతకూ ఇదే లెక్క. నా స్క్రూడ్రైవర్ ఖరీదు కోసినప్పుడు నాకిది తెలియదు. అడగనే లేదు.

చిన్న కోతే కదా అని ఊరుకోవద్దని ఎందుకంటున్నానంటే, కోతలన్నీ చీటీలో ఒక గీతగానే మొదలవుతాయి. కత్రినా తుపాను తర్వాత 2006లో సిగ్నల్ ఇంటర్నేషనల్ అనే ఓడల మరమ్మతు సంస్థ మన దేశం నుంచి సుమారు 500 మంది వెల్డర్లను, పైపు ఫిట్టర్లను హెచ్-2బి మీద మిసిసిపీలోని పాస్కగూలాకు, టెక్సాస్‌కు తెప్పించింది. క్యాంపులో గదికి, తిండికి రోజుకు 35 డాలర్లు జీతంలోంచి కోసేవారు. నెలకు వెయ్యి దాటింది. వాళ్ళు కేసు వేశారు. 2015 ఫిబ్రవరిలో న్యూ ఆర్లియన్స్ కోర్టులో జ్యూరీ మొదటి ఐదుగురికి 1 కోటి 40 లక్షల డాలర్లు ఇవ్వాలని తేల్చింది. ఆ తర్వాత సంస్థ దివాలా తీసింది, మిగతా కేసులు రాజీలో ముగిశాయి. అలాంటిచోట పనివారు దాచుకున్న ప్రతి చీటీ, ప్రతి కాగితం విలువైనదే.

అందుకని జీతం చీటీని ప్రతిసారీ ఫోటో తీసి ఇంటికి పంపండి. పనిముట్లు మీకు ఇచ్చినప్పుడు ఏమేమి ఇచ్చారో, ఏ స్థితిలో ఇచ్చారో కూడా ఫోటో తీసుకోండి. ఖాళీ కాగితం మీద, చదవని కాగితం మీద సంతకం పెట్టకండి. ఇంటి నుంచి సొంత పనిముట్లు తెచ్చుకుంటే చెక్-ఇన్ లగేజీలో వేయండి, చేతి సంచిలో ఉంటే మన విమానాశ్రయంలోనే తీసేసుకుంటారు.

ఎవరికైనా షాక్ కొట్టి వదలకుండా ఉంటే ముందు కరెంటు ఆపండి, మనిషిని ముట్టుకోకండి, 911కి ఫోన్ చెయ్యండి. భద్రత గురించి ఫిర్యాదుకు ఓషా నంబరు 1-800-321-6742. జీతం, కోతల గురించి కార్మిక శాఖ వేతన విభాగం 1-866-487-9243. పేరు బయటపెట్టవద్దని అడిగితే, ఫిర్యాదు చేసిన మీ పేరు వాళ్ళు బయటపెట్టరు. ఫోన్ ఎత్తగానే ఇంగ్లీషు రాదని కంగారుపడి పెట్టేయకండి. "తెలుగు" అన్న ఒక్క మాట చెప్పి ఆగండి, మధ్యలో అనువాదకుణ్ణి కలుపుతారు. కొంచెంసేపు లైన్లో ఉండవలసి వస్తుంది.